ఎన్ఐటీ సీటు వదులుకున్నాను, తప్పు చేశానా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. నాన్న ఆర్టీసీలో కండక్టర్, అమ్మ బీడీలు చుడుతుంది. మా ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చింది నేనే మొదలు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో నాకు వరంగల్ ఎన్ఐటీలో సివిల్ వచ్చింది. అదే సమయంలో మన ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు అటానమస్ కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చింది. సాఫ్ట్‌వేర్ అయితే త్వరగా ఉద్యోగం వస్తుందని సీఎస్ఈలో చేరాను. ఇప్పుడు సెకండియర్. మా పెద్దనాన్న కొడుకు కిందటేడు ఎన్ఐటీలో చేరాడు. అప్పటి నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ‘చేతికొచ్చిన ఎన్ఐటీని వదులుకుంది’ అనే మాట చెవిన పడుతోంది. నాన్న ఏమీ అనరు. ఒక్కసారి మాత్రం ‘ఎన్ఐటీ అంటే అందరికీ తెలిసేది బిడ్డా’ అన్నారు. ఏఐ వచ్చాక ఫ్రెషర్లను తీసుకోవడం లేదని రోజూ వింటున్నాను. రాత్రి పడుకునే ముందు ఎన్ఐటీ వాళ్ల ప్యాకేజీల వార్తలు వెతికి చూస్తుంటాను. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో కూర్చుంటే టైమే తెలీదు. బయటికి రాగానే మళ్లీ అదే టెన్షన్. నేను మళ్లీ జేఈఈ రాయాలా? పేరున్న కాలేజీ లేకపోతే మంచి కెరీర్ ఉండదా? తమ్ముడు ఇంటర్ సెకండియర్. వాడికైనా ఏం చెప్పాలి?
(పేరు రాయవద్దన్నారు, జగిత్యాల జిల్లా)

సమాధానం:

అమ్మా,

మూడు అడిగావు. మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను, ఆలస్యమైతే నీకే నష్టం కాబట్టి. మళ్లీ జేఈఈ రాయొద్దు. ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరసగా మూడేళ్లు జేఈఈ మెయిన్ రాయనిస్తారు. ఆ లెక్కన నీకు ఇంకొక అవకాశం మిగిలి ఉండటమే నిన్ను ఊగిసలాటలో పెడుతోందని నాకనిపిస్తోంది. సెమిస్టర్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు చూసుకుంటూ, ఎప్పుడో పక్కన పెట్టేసిన ఇంటర్ కెమిస్ట్రీని మళ్లీ తిరగేసి, పొద్దస్తమానం అదే పనిగా చదివే పిల్లలతో పోటీ పడాలి. పాత ర్యాంకు కన్నా మంచిది వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినా ఫస్టియర్ నుంచి మొదలు. రెండేళ్లు పోతాయి. ఆ రెండేళ్లలో ఇప్పుడున్న చోటే నువ్వు చేయగలిగింది చాలా ఉంది.

ఇక ఆ ప్యాకేజీ వార్తల సంగతి. పేపర్లో లక్షల అంకె పెద్దక్షరాల్లో వేసి, పక్కన ఫోటో పెట్టే వార్తల్లో ఎక్కువ భాగం సీఎస్ఈ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పిల్లలవి. నీకు వచ్చింది సివిల్. నువ్వు రోజూ రాత్రి నీ కాలేజీని పోల్చి చూసుకుంటున్నది నీకు అసలు రాని సీటుతో. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ఏ బ్రాంచీల వాళ్లు పరీక్ష రాయొచ్చో ముందే రాసి పంపుతాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కొన్ని కంపెనీలు అన్ని బ్రాంచీలనూ పిలుస్తాయి, కొన్ని సీఎస్ఈ, ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) దగ్గరే ఆగిపోతాయి. సివిల్‌లో చేరి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాళ్లు లేకపోలేదు. వాళ్లు పగలంతా సర్వేయింగ్, స్ట్రక్చరల్ అనాలిసిస్ చదివి, రాత్రిళ్లు కూర్చుని కోడింగ్ నేర్చుకున్నవాళ్లు. నువ్వు వరంగల్ వెళ్లి ఉంటే బహుశా ఇప్పుడు అదే పని చేస్తూ, ‘హాయిగా సీఎస్ఈ తీసుకోవాల్సింది’ అని నాకు ఉత్తరం రాసేదానివి. అలాంటి ఉత్తరాలు కూడా నాకు వస్తాయి.

సివిల్‌ని తక్కువ చేసి చెప్పడం లేదు. యూపీఎస్సీ పెట్టే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ వాళ్లకే. అందులో కంప్యూటర్ సైన్స్‌కి పేపరే లేదు. రాష్ట్రంలో నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల్లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టులు కూడా ప్రధానంగా సివిల్ వాళ్లవే. ప్రాజెక్టులు, వంతెనలు కట్టాలని, ప్రభుత్వ ఇంజినీరు కావాలని ఉన్న అమ్మాయి వరంగల్ సివిల్‌ని వదులుకుని ఉంటే ‘పొరపాటు చేశావు’ అని మొహం మీదే చెప్పేదాన్ని. నీ ఉత్తరంలో ఆ కోరిక ఒక్క వాక్యంలోనూ కనపడలేదు. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో టైమ్ తెలీదన్న మాట మాత్రం ఉంది. నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనదో కాదో చెప్పడానికి ఇప్పటికి నీ దగ్గరున్న గట్టి ఆధారం అదొక్కటే. సెకండియర్‌లో ఆ ల్యాబ్ అంటే భయపడే సీఎస్ఈ పిల్లలు ప్రతి కాలేజీలోనూ చాలామంది ఉంటారు.

రెండో ప్రశ్న: పేరున్న కాలేజీ లేకపోతే మంచి కెరీర్ ఉండదా? దీనికి చాలామంది సత్య నాదెళ్ల పేరు చెప్పి ఓదారుస్తారు. ఆయన మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు, నిజమే. కానీ ఆయన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారు, వాళ్ల నాన్నగారు ఐఏఎస్ అధికారి. ఇంటి నుంచే ప్రపంచం తెలిసిన పిల్లవాడికి కాలేజీ పేరు వల్ల అదనంగా ఒరిగేది కొంచెమే. నీలాంటి అమ్మాయికి ఆ ఉదాహరణ చెప్పి ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

అమెరికాలో స్టేసీ డేల్, అలెన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని మీదే పరిశోధన చేసి 2002లో ప్రచురించారు. 1976లో కాలేజీల్లో చేరిన విద్యార్థుల వివరాలు తీసుకుని, గొప్ప కాలేజీలో సీటు వచ్చినా మరో చోట చేరినవాళ్లనూ, ఆ గొప్ప కాలేజీలోనే చదివినవాళ్లనూ పోల్చారు. చాలా ఏళ్ల తర్వాత చూస్తే రెండు రకాల వాళ్ల జీతాలకూ పెద్దగా తేడా లేదు. అంటే తేడా తెచ్చింది ఆ సీటు సంపాదించగలిగిన తెలివి, పట్టుదల. అయితే పేద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం గొప్ప కాలేజీ వల్ల జీతం పెరిగింది. తర్వాత వాళ్లే చేసిన పరిశోధనలో తల్లిదండ్రులు ఎక్కువ చదువుకోని పిల్లల విషయంలోనూ అదే తేలింది. ఆ దేశం వేరు, ఆ కాలం వేరు. అయినా నేను ఇక్కడ చూసినదానికి ఇది చాలా దగ్గరగా ఉంది. డాక్టర్ల పిల్లలకు, ఆఫీసర్ల పిల్లలకు ఇంట్లోనే దొరికే పరిచయాలు, సలహాలు, ధైర్యం కండక్టర్ గారి అమ్మాయికి కాలేజీలోనే దొరకాలి. ఎన్ఐటీలో అవి అడక్కుండానే దొరికేవి. నీ కాలేజీలో అడిగి, వెతికి తెచ్చుకోవాలి. నీకు జరిగిన నష్టం అంతవరకే. అది చిన్నదని నేను అనను, కానీ పూడ్చుకోగలిగేదే.

నేను చాలాకాలం ఒక కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేశాను. పేరున్న కాలేజీకి ఏం దొరుకుతుందో లోపలి నుంచి చూశాను. మొదటిది, ఎక్కువ జీతమిచ్చే కంపెనీలు తామే నడిచి వస్తాయి. మామూలు కాలేజీలకు మెయిల్ మీద మెయిల్ పెట్టి బతిమాలినా కొన్ని రావు. రెండోది, సీనియర్లు. ఏ కంపెనీలో ఏం అడుగుతారో, ఏ ఇంటర్న్‌షిప్‌కి ఎప్పుడు అప్లై చేయాలో హాస్టల్ గదిలోనే తెలిసిపోతుంది. మూడోది, పక్క బెంచీ. చుట్టూ ఉన్నవాళ్లు కష్టపడుతుంటే మనమూ కష్టపడతాం.

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లాక లెక్క మారుతుంది. రెండు ఇంటర్వ్యూలు నాకు బాగా గుర్తున్నాయి. ఒక అబ్బాయి అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టుతో వచ్చాడు. చక్కగా బైండింగ్ చేయించిన పుస్తకం. ఇంటర్వ్యూ చేసే ఆయన ఒక పేజీ తిప్పి, ‘ఈ టేబుల్‌కి ప్రైమరీ కీ (ఒక్కో వరసను విడిగా గుర్తుపట్టే అంశం) ఇదే ఎందుకు పెట్టావు?’ అన్నారు. అబ్బాయి పేజీ వంక చూశాడు, ఆయన వంక చూశాడు, ఇంక మాట లేదు. అదే రోజు ఒక అమ్మాయి తన ఊళ్లో పాల కేంద్రం లెక్కల కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ చూపించింది. వెన్న శాతాన్ని బట్టి లీటరుకు ఎంతివ్వాలో లెక్కగట్టి, పదిహేను రోజులకోసారి బిల్లు తీసేది. చూడటానికి ఏమంత అందంగా లేదు. ఆయన ‘ఇందులో నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది?’ అని అడిగారు. పొద్దున పోసిన పాలు, సాయంత్రం పోసిన పాలు ఒకే తేదీ కింద పడి ఒకదాన్నొకటి చెరిపేశాయని, ఒక రైతుకు డబ్బు తక్కువ పడి గొడవైతే అప్పుడు కనిపెట్టానని, దాన్ని ఎలా సరిచేసిందో కాగితం మీద గీసి చూపించింది. ఆ తర్వాత ఆయన అడిగినవన్నీ దాని గురించే. కాలేజీ పేరు ఆ గదిలో ఇంక రాలేదు.

నీకు ఇలాంటి పని ఇంట్లోనే ఉంది. అమ్మకు వారం వారం ఎంత ఆకు, ఎంత తంబాకు ఇచ్చారో, ఎన్ని వేల బీడీలు తిరిగిచ్చిందో, పనికిరావని ఎన్ని తీసేశారో, కూలి ఎంత రావాలో, టేకేదారు ఎంత ఇచ్చాడో రాసి పెట్టే చిన్న ఫోన్ యాప్ చెయ్యి. అమ్మ వాడగలిగేలా తెలుగులో చెయ్యి. మీ వాడకట్టులో నలుగురు ఆడవాళ్లు వాడితే వాళ్లు వేసే ప్రశ్నలే నీకు సగం చదువు చెబుతాయి. కొన్న ప్రాజెక్టు ఏదీ దీని ముందు నిలవదు.

పక్క బెంచీ సంగతి అంటావా, క్లాసులో నిజంగా చదివేవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. వెతికి పట్టుకుని వాళ్లతో కూర్చో. కాలేజీ పిల్లలకు పెట్టే ప్రోగ్రామింగ్ పోటీ స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి ఒక టీమ్‌గా వెళ్లండి. గెలవకపోయినా వేరే కాలేజీల పిల్లలు ఎలా పనిచేస్తున్నారో తెలుస్తుంది, నువ్వు ఊహించుకుంటున్నంత తేడా ఉందో లేదో నీ కళ్లతోనే చూస్తావు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి. మీ లెక్చరర్ సరిగ్గా చెప్పలేకపోయిన సబ్జెక్టు అక్కడ విను. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు) ఈ మూడూ పరీక్షకు నాలుగు రోజుల ముందు చదివి వదిలేసే సబ్జెక్టులు కావు.

సీనియర్ల లోటు ఎలా తీర్చుకోవాలంటే, మీ కాలేజీ నుంచి మంచి కంపెనీలకు వెళ్లినవాళ్లు లింక్డ్‌ఇన్‌లో దొరుకుతారు. ‘జాబ్ ఇప్పించండి అక్కా’ అని రాయొద్దు. ‘నేను ఇది చేశాను, ఇక్కడ ఆగిపోయాను, తర్వాత ఏం చదవాలి?’ అని రాయి. పదిమందికి రాస్తే ఇద్దరు జవాబిస్తారు, ఆ ఇద్దరు చాలు. రేపు తమ కంపెనీలో నీ పేరు సిఫారసు చేసి రెఫరల్ ఇచ్చేది కూడా వాళ్లే. వేసవిలో ఖాళీగా ఉండకు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల వేసవి పరిశోధన ఫెలోషిప్ ఒకటి ఉంది, ఏ కాలేజీ వాళ్లయినా అప్లై చేయొచ్చు, ఎంపికైతే మంచి సంస్థలో ఒక ప్రొఫెసర్ దగ్గర రెండు నెలలు పనిచేస్తావు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో కూడా కాలేజీ పేరు అడగరు, నువ్వు రాసిన ప్రపోజల్, అంతకుముందు చేసిన కోడ్ చూస్తారు.

ఇవన్నీ చేశాక కూడా పేరున్న సంస్థ ముద్ర కావాలనిపిస్తే దానికి దారి ఇంకా తెరిచే ఉంది. ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్షను థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు. కంప్యూటర్ సైన్స్ పేపర్ ఉంది, 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ కూడా పెట్టారు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌తో ఐఐటీలో గానీ ఐఐఎస్‌సీలో గానీ ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. మీ ఇంటి పరిస్థితికి అది చిన్న విషయం కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి పీజీఈఈ అని వాళ్ల సొంత పరీక్ష ఉంది. సివిల్ చదివి ఉంటే ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ ఎంటెక్‌కి వెళ్లడం చాలా కష్టమయ్యేది. నీ బీటెక్ బ్రాంచి నీకు ఆ దారిని దగ్గర చేసింది.

ఏఐ గురించి నీ భయం ఉత్తదే అని కొట్టిపారేయను. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలోనూ ఉద్యోగుల సంఖ్య తగ్గింది. వేలమంది ఫ్రెషర్లను ఒకేసారి తీసుకుని, తర్వాత ట్రైనింగ్ ఇచ్చే పద్ధతిని నమ్ముకుని చదివేవాళ్లకు ఇది గడ్డుకాలమే. కానీ ఆ గాలి ఎన్ఐటీల క్యాంపస్‌లకూ తగిలింది. ఈ భయానికీ, నువ్వు వదులుకున్న సీటుకీ సంబంధం లేదు. రెండింటినీ ఒకే మూటలో కట్టుకుని మోస్తున్నావు కాబట్టి అంత బరువుగా ఉంది. ఏఐ రాసిన కోడ్‌లో తప్పెక్కడుందో పట్టుకోగలిగేది డేటా స్ట్రక్చర్స్ ఇష్టంగా చదివినవాళ్లే. చాట్‌బాట్‌ని వాడు, కానీ అసైన్‌మెంట్ మొదట నువ్వే రాసి, తర్వాత దానిది చూసి పోల్చుకో.

నాన్నగారి మాట దగ్గరికి వస్తాను. ఇప్పటి వరంగల్ ఎన్ఐటీ 1959లో మొదలైంది. దేశంలో మొట్టమొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ అది, నెహ్రూ శంకుస్థాపన చేశారు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆర్ఈసీ అనే అంటారు. బస్సులో టికెట్లు కొడుతూ ఎంతమంది ఆర్ఈసీ పిల్లల్ని చూసి ఉంటారో ఆయన. ‘మా అమ్మాయి కూడా అక్కడే’ అని డిపోలో చెప్పుకోవాలని ఆయనకు ఉండటం సహజం. అందులో నీ మీద కోపం లేదు. ఆయన చెప్పుకోవడానికి నువ్వు ఇంకొకటి ఇవ్వాలి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆ బీడీల యాప్ సగమే అయినా సరే ఆయనకు చూపించు. నువ్వు ఏం చదువుతున్నావో ఇప్పటిదాకా ఆయనకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పి ఉండరు.

బంధువులకు జవాబు చెప్పాల్సిన పని లేదు. ‘నాకు కంప్యూటర్స్ ఇష్టం పెద్దమ్మా, అందుకే తీసుకున్నా’ అని ఒక్క మాట చాలు, దాని మీద వాదన పెట్టుకోకు. పెద్దనాన్న కొడుకుతో మాత్రం మాట్లాడుతూ ఉండు. వాడు నీకు పోటీ కాదు. నీకు దగ్గర్లో లేరనుకుంటున్న ఆ పరిచయాల్లో మొదటివాడు వాడే. వాళ్ల క్యాంపస్‌లో ఏ టెస్టులు పెడుతున్నారో, సీనియర్లు ఏ పుస్తకం చదువుతున్నారో అడుగు. రాత్రి పడుకునే ముందు ప్యాకేజీల వార్తలు చూసే అలవాటు మానెయ్. అది చాలా కష్టమని తెలుసు, అందుకే ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టుకో. నిద్ర పట్టని రోజులు ఎక్కువవుతుంటే, తిండి సహించకపోతే కాలేజీ కౌన్సెలర్‌నో, డాక్టర్‌నో కలువు. ఆలోచనలు భరించలేనట్టుగా అనిపిస్తే 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక తమ్ముడు. బ్రాంచి ముఖ్యమా, కాలేజీ ముఖ్యమా అని ఇంటింటా ఒకటే వాదన నడుస్తుంది. నా అభిప్రాయం ఇది: ఫలానాది చదవాలన్న ఇష్టం స్పష్టంగా ఉంటే బ్రాంచికే ఓటు. ఏదైనా ఫర్వాలేదు అనుకునే పిల్లవాడైతే, రెండు కాలేజీల మధ్య తేడా బాగా ఉన్నప్పుడు పెద్ద కాలేజీకే వెళ్లాలి. మీలాంటి ఇళ్ల పిల్లలకైతే ఇంకా గట్టిగా చెబుతాను, ఎందుకో పైన రాశాను. వాడి ఇష్టం తెలియాలంటే ఒక ఆదివారం కూర్చోబెట్టి సివిల్, ఈఈఈ, సీఎస్ఈ సెకండియర్ సిలబస్‌లు చూపించు. ఏ పేజీ దగ్గర ఆగి ప్రశ్నలు అడుగుతాడో గమనించు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ ఫ్లెక్సీ చూడొద్దు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు తాము పంపిన వివరాలను వెబ్‌సైట్‌లో పెడతాయి. ఎంతమంది సమయానికి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, మీడియన్ జీతం ఎంత అన్నది అందులో ఉంటుంది. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లది. అది కాలేజీ మొత్తానిది, బ్రాంచిని బట్టి మారుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. బ్రాంచి సంగతి ఆ కాలేజీ ఫైనలియర్ పిల్లల్ని అడిగితేనే తెలుస్తుంది.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే. ఫీజు గురించి మీరు భయపడక్కర్లేదు. ఏడాదికి 1,25,000 ట్యూషన్ ఫీజులో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులు మినహాయింపు ఉంది. హాస్టల్, మెస్ ఖర్చు వేరు. జోసాలో సీటు వచ్చాక ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మూడు అడుగుతారు. ఫ్రీజ్ అంటే ఇదే చాలు అని. ఫ్లోట్ అంటే జాబితాలో ఇంతకన్నా పైన పెట్టుకున్నది ఏ కాలేజీలో వచ్చినా మారతాను అని. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో మంచి బ్రాంచి వస్తే మారతాను అని. తెలియక మొదటి రౌండ్‌లోనే ఫ్రీజ్ కొట్టేసే పిల్లలు ఏటా కనిపిస్తారు. అందుకే జాబితా తొందరపడి పెట్టకుండా ముందే కాగితం మీద రాసుకుని, దాంట్లో ప్రతి వరసా ‘ఇది వస్తే నిజంగా చేరతానా?’ అని అడుగుతూ చదవమను. జోసా అయిపోయాక మిగిలిన ఎన్ఐటీ సీట్లకు సీశాబ్ రౌండ్లు కూడా ఉంటాయి.

ఇంకొక సంగతి చాలా ఇళ్లలో ఆలస్యంగా తెలుస్తుంది. జేఈఈలో ర్యాంకు వచ్చినా ఎన్ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. కోచింగ్ గొడవలో పడి ల్యాంగ్వేజీలను, ప్రాక్టికల్స్‌ని వదిలేయొద్దని వాడికి ఈ వారమే చెప్పు.